పేపర్లో పడ్డాక 53 రోజులు

2023 ఆగస్టు 17, గురువారం. అధిక శ్రావణం వెళ్ళి నిజ శ్రావణం మొదలైన రోజు. పొద్దున్నే అత్తయ్య గుమ్మానికి పసుపు రాస్తుంటే నేను పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ తీశాను. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ టైముకి శుభోదయాలూ, నీళ్ళ ట్యాంకరు గొడవలూ తప్ప ఏమీ ఉండవు. ఆ రోజు ఒక పేపర్ క్లిప్పింగ్ ఉంది. కింద ఎవరో "ఇది మన మూడో ఫ్లోర్ మేడమే కదా?" అని రాసి వెంటనే తీసేశారు. తీసేలోపే నేను చదివేశాను.

"ఆన్‌లైన్‌లో మనసు వైద్యం.. లైసెన్సు మాత్రం శూన్యం!" అని మూడు కాలమ్‌ల హెడ్డింగు. జిల్లా పేజీల్లో, దాదాపు అర పేజీ. నా పేరు వేయలేదు, "విజయవాడ సత్యనారాయణపురానికి చెందిన ఓ మహిళ" అన్నారు. కానీ పక్కనే నా వాట్సాప్ స్టేటస్ పోస్టర్ వేశారు. ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు మసక చేసి, పేరు మీద నల్ల గీత పెట్టారు. ఆ గీత మరీ సన్నగా ఉంది. పైన గుడులూ, దీర్ఘాలూ, కింద ఒత్తులూ అన్నీ బయటికే ఉన్నాయి. తెలుగు చదవడం వచ్చినవాళ్ళు ఆ పేరు పోల్చుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

నేనెవరో కాస్త చెప్పాలి. పదేళ్ళు ఒక ఇంటర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. హాస్టల్ పిల్లలు స్టడీ అవర్ అయ్యాక ఏడ్చుకుంటూ నా దగ్గరికే వచ్చేవాళ్ళు. అలా ఇగ్నోలో సైకాలజీ ఎంఏ, తర్వాత ఏడాది కౌన్సెలింగ్ డిప్లొమా చేశాను. కోవిడ్‌లో ఉద్యోగం పోయాక ఇంట్లోనే చిన్న గదిలో కూర్చుని వీడియో కాల్‌లో కౌన్సెలింగ్ మొదలుపెట్టాను. 50 నిమిషాలకి 600 రూపాయలు. ఆ ఆగస్టు నాటికి నా దగ్గరికి క్రమం తప్పకుండా వచ్చేవాళ్ళు 11 మంది.

పేపర్లో నా మీద ఆరు మాటలున్నాయి. లైసెన్సు లేదు. డాక్టర్‌నని చెప్పుకుంటోంది. మందులు రాస్తోంది, డాక్టర్లు ఇచ్చిన మందులు మానేయమంటోంది. గంటకి వేలల్లో గుంజుతోంది. బాధితులు లబోదిబోమంటున్నారు. ఇక ఆఖరిది మన పేపర్లు చదివేవాళ్ళందరికీ కంఠతా వచ్చిన వాక్యం: "వివరణ కోసం ప్రయత్నించగా ఆమె అందుబాటులోకి రాలేదు."

ఆ చివరి మాటకే నాకు ముందు ఒళ్ళు మండింది. కాల్ లిస్టు తీసి చూశాను. ముందు రోజు సాయంత్రం 7:42కి తెలియని నంబరు నుంచి ఒక్క మిస్డ్ కాల్ ఉంది. అప్పుడు నేను ల్యాప్‌టాప్‌లో సెషన్‌లో ఉన్నాను, ఫోన్ సైలెంట్‌లో ఉంది. తర్వాత చూసి, లోన్ ఇస్తామనే వాళ్ళేమో అనుకుని వదిలేశాను. ఆ నంబరుకి ఫోన్ చేశాను. విలేకరి వెంటనే ఎత్తాడు.

"నేను చేశాను మేడం, మీరే ఎత్తలేదు."

"ఒక్కసారి చేశారు."

"ఎన్నిసార్లు చేయాలి మేడం? తొమ్మిదికల్లా పేజీ వదిలేయాలి. మీరేమైనా చెప్పుకోవాలంటే ఎడిషన్ ఆఫీసుకి రాసివ్వండి."

మనిషి మర్యాదగానే మాట్లాడాడు. అదే ఇంకా కష్టంగా అనిపించింది. అతనికి అది ముందు రోజు పని, అయిపోయింది.

'బాధితులు' ఎవరో పది నిమిషాల్లో అర్థమైంది. మందులు మానేయమన్నాననే మాట ఒక్క ఇంటి నుంచే రాగలదు. ఆ మనిషి ఎవరో, ఏ ఊరో, ఏ బాధతో వచ్చారో ఇక్కడ కూడా రాయను. ఇంత మాత్రం చెప్పగలను. నా ఫోన్లో ఆ మనిషికి నేను పెట్టిన మెసేజ్ ఉంది. మీ డాక్టర్‌ని అడక్కుండా ఒక్క పూట మాత్ర కూడా ఆపొద్దని, తేదీతో సహా. ఆ ఒక్క స్క్రీన్‌షాట్ చూపిస్తే మొత్తం కథ అరగంటలో తేలిపోతుంది.

ఆ రాత్రి స్క్రీన్‌షాట్ తీశాను. పేరు కత్తిరించాను. విలేకరి చాట్ తెరిచి దాన్ని అటాచ్ చేశాను కూడా. బాణం గుర్తు మీద వేలు పెట్టేముందు ఆలోచన వచ్చింది: పేరు కత్తిరిస్తే ఏమవుతుంది, ఆ ఇంట్లో వాళ్ళకి తెలియదా? తన పేరు మీద నల్ల గీత పెట్టినా జనం పోల్చుకున్నారని పొద్దుటి నుంచీ ఏడుస్తున్న నేను, ఇంకొకరికి అదే చేయబోతున్నాను. చెరిపేశాను. నా గొప్ప చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. చెరిపేశాక మళ్ళీ రెండుసార్లు తీశాను, మళ్ళీ చెరిపాను.

మా తమ్ముడికి ఇదేం పట్టదు. "పరువు నష్టం దావా వేద్దాం అక్కా, 50 లక్షలకి!" అన్నాడు. మా ఆయన మాత్రం బస్టాండుకి వెళ్ళి ఆ రోజు పేపర్లు ఐదు కొనుక్కొచ్చాడు. నాకు తిక్కరేగింది, ఐదెందుకని. "రేపటికి ఇవి దొరకవు" అన్నాడు. నిజంగానే అది ఆ రోజు మేము చేసిన ఒకే ఒక్క తెలివైన పని. జిల్లా పేజీలు ఎడిషన్‌కొకటి మారిపోతాయి. విజయవాడలో వచ్చింది గుంటూరులో రాదు. తర్వాత ఎక్కడ ఫిర్యాదు చేసినా అసలు కాగితం అడుగుతారు.

శనివారం నాన్‌స్టాప్ బస్సు ఎక్కి గుంటూరు వెళ్ళాను. మా మేనమామ బ్రాడీపేటలో ఉంటాడు, నలభై ఏళ్ళ నుంచి సివిల్ లాయరు. గుంటూరు వాళ్ళకి చెప్పనక్కర్లేదు, బ్రాడీపేట అడ్రసంటే లైనూ అడ్డరోడ్డూ, రెండంకెలు చెబితే చాలు. మిగతా ఊళ్ళ వాళ్ళు ఆటో దిగాక తెల్లమొహం వేస్తారు. నేను నాలుగు పేజీల ఖండన రాసుకెళ్ళాను. అందులో నా కష్టం, హాస్టల్ పిల్లలు, పత్రికా విలువలు, అన్నీ ఉన్నాయి. మావయ్య మొదటి పేజీ చదివి పక్కన పెట్టాడు.

"ఏడవాలంటే ఇక్కడ ఏడువమ్మా. ఉత్తరంలో వద్దు."

దావా సంగతి అడిగాను. 50 లక్షలు అడిగితే దానికి తగ్గ కోర్టు ఫీజు ముందు మనమే కట్టాలన్నాడు. క్రిమినల్ కేసు వేరే. అప్పట్లో ఐపీసీ 499, 500 సెక్షన్లు. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 356 అయింది. సివిల్ దావాకి వార్త వచ్చిన రోజు నుంచి ఏడాది గడువు. "టైముంది, దాచుకో. కానీ ఒకటి చెప్పు. వాళ్ళు నిజమే రాశాం, జనం మంచి కోసం రాశాం అంటారు. అప్పుడు క్రాస్‌లో నీ క్లయింట్లెవరు, ఏం చెప్పావు, ఎవరికి చెప్పావు అని అడుగుతారు. బోనులో నిలబడి చెబుతావా?"

నేను తీసిన స్క్రీన్‌షాట్ల గురించి మావయ్యకి చెప్పలేదు. చెప్పనని మాత్రం అన్నాను.

"అయితే చెప్పక్కర్లేనివి ఏమున్నాయో చూడు."

ఉన్నాయి. నా దగ్గర చేరేవాళ్ళ చేత మొదటి రోజే ఒక పేజీ అంగీకార పత్రం మీద సంతకం తీసుకుంటాను. అందులో ఏడో అంశం: "నేను వైద్యురాలిని కాను. మందులు రాయను. మీరు వాడుతున్న మందులు మానమని గానీ మార్చమని గానీ చెప్పను." ఎవరి పేరూ లేని ఖాళీ ఫారం పెడితే చాలన్నాడు మావయ్య. ఇప్పుడు తయారు చేసిందని అంటే? 2021లో టైపు చేయించినప్పుడు దాన్ని నా మెయిల్‌కి నేనే పంపుకున్నాను, ఆ మెయిల్ తేదీతో సహా ఉంది. అదృష్టం తప్ప ముందుచూపేమీ లేదు.

తర్వాత అసలు చిక్కు. "లైసెన్సు లేదు" అన్నారు. ఏ లైసెన్సు?

నాకు పైపైన తెలిసినదే, ఆ రోజు మావయ్య చట్టాలు ముందేసి చదివించాడు. ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి చట్టం 1992 నాటిది. క్లినికల్ సైకాలజిస్టులు దాని రిజిస్టర్‌లో ఉండాలి. లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అది చదివినప్పుడు నా అరచేతులు తడిసిపోయాయి. కానీ నేను క్లినికల్ సైకాలజిస్టుని కాను. దానికి ఎంఫిల్ లాంటి వేరే చదువుంది. నేను రోగనిర్ధారణ చేయను, ఐక్యూ పరీక్షలు పెట్టను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చూశాం. సైకియాట్రిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు, సైకియాట్రిక్ నర్సులు, సోషల్ వర్కర్లు ఉన్నారు. నాలాంటి కౌన్సెలర్ మాట లేదు. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చింది. ఆర్‌సీఐ కిందికి రాని సైకాలజిస్టులూ కౌన్సెలర్లూ దాని షెడ్యూలులో ఉన్నారు. అంటే మా కోసం ఒక రిజిస్టర్ ఉండాలని చట్టమే చెప్పింది. పేరు రాయించుకుందామంటే ఆ రిజిస్టర్ 2023లో మా దాకా రాలేదు.

మరి నేనేమని రాయాలి? "నాకు లైసెన్సు ఉంది" అంటే అబద్ధం. "అక్కర్లేదు" అంటే పొగరు, పైగా రేపు అక్కరపడవచ్చు. పేపరు వాడు రాసిన ముక్క అక్షరాలా నిజం, చదివినవాడికి అందే అర్థం అబద్ధం. దీన్ని ఒక వాక్యంలో పెట్టడానికి మావయ్యా నేనూ మధ్యాహ్నం భోజనం కూడా వాయిదా వేశాం. చివరికి వచ్చింది ఇది: "ఆర్‌సీఐ నమోదు క్లినికల్ సైకాలజిస్టులకు అవసరం. నేను క్లినికల్ సైకాలజిస్టును కాను, అలా ఎన్నడూ చెప్పుకోలేదు. నేను ఫలానా చదువు చదివి కౌన్సెలింగ్ మాత్రమే చేస్తున్నాను."

ఒక మాట ఇక్కడే అనేస్తాను. ఈ పనికి లైసెన్సు ఉండాలనే నేనూ అంటాను. మూడు రోజుల కోర్సు చేసి 'మైండ్ హీలర్' బోర్డు పెట్టేవాళ్ళని బెంజ్ సర్కిల్ చుట్టుపక్కలే చూస్తున్నాను. పేపరు ఎత్తిన ప్రశ్న తప్పు కాదు, జవాబు కోసం తప్పింట్లో దూరారు.

"ఇప్పుడు నీ పోస్టర్ బయటికి తీయి" అన్నాడు మావయ్య.

ఆ పోస్టర్ మా అక్క కొడుకు క్యాన్వా యాప్‌లో చేసిచ్చాడు. "ఆన్‌లైన్ థెరపీ. డిప్రెషన్, యాంగ్జైటీ, ఓసీడీ.. అన్నిటికీ శాశ్వత పరిష్కారం!" నేనే చూసి బావుందన్నాను. మావయ్య ఎర్ర పెన్నుతో మూడు చోట్ల సున్నాలు చుట్టాడు: థెరపీ, ఓసీడీ, శాశ్వత. "రోగం పేరు రాసి, శాశ్వతం అన్నాక, వైద్యం కాదంటే ఎవరు నమ్ముతారమ్మా? సంతలో పసరు మందు అమ్మేవాడు కూడా ఇదే రాస్తాడు."

ఆ తప్పు ఉత్తరంలో మనమే ఒప్పుకోవాలన్నాడు. నేను గంట సేపు గొడవ పడ్డాను. వాళ్ళు అర పేజీ అబద్ధాలు రాస్తే నేను తప్పు ఒప్పుకోవడమేంటని. "వాళ్ళు ఎలాగూ పోస్టర్ చూపిస్తారు. నువ్వే ముందు చూపించు" అన్నాడు. పోస్టర్‌లో ఆ మాటలు వాడటం పొరపాటనీ, ఆగస్టు 18న తీసేశాననీ రాశాం. ఉత్తరం మొత్తం ఒక్క పేజీ. వార్తలో వాక్యం, దాని కింద నా జవాబు, దాని కింద ఆధారం నంబరు. అంతే.

ఫీజుకి ఆధారం యూపీఐ స్టేట్‌మెంటు. అందులో డబ్బు వేసిన వాళ్ళ పేర్లున్నాయి. నల్ల మార్కర్‌తో అన్నీ కొట్టేసి గవర్నరుపేటలో జిరాక్స్ షాపుకి వెళ్ళాను. అక్కడ కుర్రాడు కాగితం ట్యూబ్‌లైటు వైపు ఎత్తి, "మేడం, పేర్లు కనబడుతున్నాయి" అన్నాడు. నిజమే, మార్కర్ వెనక అక్షరాలు వెలుగులో తేలుతున్నాయి. "అసలుది ఇవ్వకండి. దీన్ని జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌ని ఇంకోసారి తీస్తే నలుపు నలుపే." అలాగే రెండుసార్లు తీశాడు. ఆరు రూపాయలు తీసుకున్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు దొరికిన అతి చవకైన సలహా అదే.

ఉత్తరం ఎవరికి పంపాలో పేపర్లోనే ఉంటుంది. ఆఖరి పేజీ అడుగున చీమల బారు లాంటి అక్షరాల్లో ముద్రించినవారు, ప్రచురించినవారు, సంపాదకుడు, చిరునామా. ముప్పై ఏళ్ళుగా పేపర్ చదువుతున్నాను, ఆ లైను మొదటిసారి చదివాను. ఆగస్టు 22న సంపాదకుడి పేరిట రిజిస్టర్డ్ పోస్టు, అందినట్టు కార్డు తిరిగొచ్చేలా. (ఇప్పుడు రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఎవరైనా ఇదే దారిలో వెళ్ళాలంటే డెలివరీ రుజువు అడిగి తీసుకోండి.) వార్త వాళ్ళ వెబ్‌సైట్‌లో కూడా ఉంది కాబట్టి, అక్కడి గ్రీవెన్స్ ఆఫీసర్‌కి అదే రోజు మెయిల్. 2021 ఐటీ నిబంధనల ప్రకారం డిజిటల్ వార్తల ఫిర్యాదుకి 15 రోజుల్లో జవాబివ్వాలి.

25న వరలక్ష్మీ వ్రతం. మా ఇంటికి ఏటా ఇరవై మందికి తక్కువ కాకుండా పేరంటాలు వస్తారు. అత్తయ్య అలవాటుగా పాతిక తాంబూలాలు కట్టింది. ఏడు దాటేసరికి తొమ్మిది మందే వచ్చారు. మిగిలిన కవర్లని అత్తయ్య లెక్కపెట్టలేదు, డబ్బాలో సర్దేసింది. శనగలు రెండు రోజులు తాలింపు వేసుకు తిన్నాం. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. వచ్చిన తొమ్మిది మందిలో ఒకావిడ బొట్టు పెట్టించుకుంటూ చెవిలో, "మా అమ్మాయి పరీక్షలంటే వణికిపోతోంది, ఒకసారి మాట్లాడతావా?" అంది. ఇంకొకావిడ, "పేపరోళ్ళు ఊరికే రాయరు కదమ్మా" అంది, వాయనం పుచ్చుకుంటూనే.

ఇంకో వింత. మసక చేసిన నాలుగు అంకెలు ఎలా సంపాదించారో గానీ, వార్త చూసి ముగ్గురు కొత్తవాళ్ళు ఫోన్ చేశారు. ముగ్గురూ ఒకటే అడిగారు: "మందులు కూడా మీరే ఇస్తారటగా మేడం?" ఇవ్వనని, సైకియాట్రిస్టుని కలవమని, డబ్బు ఇబ్బందైతే ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయమని చెప్పాను. ఒకాయనకి కోపం వచ్చింది, పేపర్లో అలా రాయలేదన్నాడు.

నా పాత 11 మందిలో ఏడుగురు ఆగిపోయారు. ఇద్దరు మెసేజ్ పెట్టి ఆగారు, ఐదుగురు ఊరికే ఆగారు.

వెబ్‌సైట్ వాళ్ళు మర్నాడే అందిందని మెయిల్ పంపారు. సెప్టెంబరు 4న చూస్తే హెడ్డింగు మారిపోయింది. "ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌పై ప్రశ్నలెన్నో" అట. పోస్టర్ తీసేశారు. మందుల వాక్యం లేదు. మార్చామని ఒక ముక్క కూడా రాయలేదు. మొదటి నుంచీ అలాగే ఉన్నట్టుంది. పాత పేజీ స్క్రీన్‌షాట్లు నా దగ్గర ఉండబట్టి సరిపోయింది, లేకపోతే నేనే కలగన్నానని అనుకునేదాన్ని.

అచ్చు పేపరు నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. అందినట్టు కార్డు గుండ్రటి ముద్రతో వచ్చింది, అంతే. సెప్టెంబరు 12న గుర్తుచేస్తూ రెండో ఉత్తరం రాశాను. అందులో మావయ్య ఒక్క వాక్యం కలిపించాడు: జవాబు రాకపోతే అక్టోబరు 17లోపు ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్తానని.

ప్రెస్ కౌన్సిల్ గురించి నాకు పెద్ద ఊహలుండేవి. పేపరుకి జరిమానా వేస్తుందనీ, నాకు పరిహారం ఇప్పిస్తుందనీ. అదేం లేదు. 1978 చట్టం ప్రకారం అది పేపర్ని హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు. డబ్బు ఇప్పించలేదు. కానీ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ముందు సంపాదకుడికి రాసి ఉండాలి, కోర్టులో కేసు నడుస్తూ ఉండకూడదు. దినపత్రిక అయితే వార్త వచ్చిన రెండు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. తెలుగు వార్త కాబట్టి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి.

అనువాదం నేనే చేద్దామని కూర్చున్నాను, పదేళ్ళు ఇంగ్లీషు చెప్పిన దాన్ని కదా. హెడ్డింగు దగ్గరే ఆగిపోయాను. 'వైద్యం' అన్న మాటకి ఇంగ్లీషులో ఏం రాయాలి? ట్రీట్‌మెంట్ అంటే ఒకటి, మెడిసిన్ అంటే ఒకటి. డిక్షనరీలో తిరగేసి 'థెరపీ' చూస్తే, చికిత్స, వైద్యం అని ఉంది. అప్పుడు గానీ నాకు ఎక్కలేదు. నా పోస్టర్‌లో ఇంగ్లీషు మాటని పేపరు డెస్క్‌లో ఎవరో తెలుగులో పెట్టారు. మా చదువులో థెరపీ అంటే కూర్చుని మాట్లాడటం. సత్యనారాయణపురంలో థెరపీ అంటే ఫిజియోథెరపీ, కీమోథెరపీ. ఆసుపత్రిలో చేసేది. నా మీద పడ్డ మాటని నేనే ఇంగ్లీషులో రాసిచ్చాను, వాళ్ళు తర్జుమా చేసుకున్నారు. ఆ రాత్రి అనువాదం పూర్తి కాలేదు.

అక్టోబరు 5న ఎడిషన్ ఆఫీసు నుంచి ఫోన్. "ఇన్‌చార్జి గారు ఒకసారి రమ్మంటున్నారు." దసరా ముందు రోజులు, విలేకరులంతా దుర్గమ్మ కొండ మీద ఏర్పాట్ల వార్తల్లో ఉన్నారు. ఆఫీసు ఖాళీగా ఉంది. ఇన్‌చార్జి గారికి అరవై ఉంటాయి. టీ తెప్పించారు.

"మీ ఉత్తరం చదివానమ్మా. ఒక్క పేజీయే ఉంది కాబట్టి చదివాను. మాకు వచ్చే ఖండనలు పది పేజీలుంటాయి."

తర్వాత కంప్యూటర్ నా వైపు తిప్పారు. తెర మీద నా పోస్టర్, రంగుల్లో, పెద్దది చేసి ఉంది. కింద కుడి మూల వేలు పెట్టి, "ఈ స్టెతస్కోపు ఎవరిదమ్మా?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. అక్కడ నిజంగానే ఒక స్టెతస్కోపు ఉంది. గుండె బొమ్మ చుట్టూ అందంగా చుట్టి, లేత నీలం రంగులో. మావయ్య సున్నాలు చుట్టింది పేపర్లో నలుపు తెలుపు బొమ్మ మీద, అందులో అది మరకలా ఉంది. నేను ఏడాదిన్నర ఆ పోస్టర్ స్టేటస్‌లో పెట్టుకున్నాను, ఎన్నడూ దాన్ని చూడలేదు. మా అక్క కొడుకు క్యాన్వాలో టెంప్లేట్‌తో పాటు వచ్చేసిందని చెప్పాను. అబద్ధమేం కాదు గానీ చెబుతుంటే నాకే సిగ్గేసింది.

"డాక్టర్నని ఆవిడ ఎక్కడ చెప్పుకుందిరా అని మావాణ్ణి అడిగితే ఇదే చూపించాడు" అన్నారాయన.

అయినా మందుల మాట సంగతేమిటని అడిగాను. ఖాళీ ఫారం, 2021 మెయిల్ ఆయన ముందే ఉన్నాయి. ఒక్కరు చెప్పిన మాట మీద రాశామని, రెండో వైపు చూడలేదని ఆయనే అన్నారు. ఎవరు చెప్పారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

తర్వాత బేరం. వాళ్ళు 'వివరణ' వేస్తామన్నారు. అంటే నా పేరుతో, నేను ఇలా అంటున్నానని. నేను 'సవరణ' కావాలన్నాను. అంటే మేం తప్పు రాశామని పేపరే అనడం. పేపరు చదివేవాళ్ళకి ఈ రెండిటికీ తేడా తెలుస్తుందా అంటే అనుమానమే, కానీ పేపరు నడిపేవాళ్ళకి బాగా తెలుసు. దాని దగ్గరే ముప్పావుగంట గడిచింది. హెడ్డింగు కూడా తప్పేనన్నాను.

"లైసెన్సు లేదన్నది నిజమే కదమ్మా?"

"సైకిల్ తొక్కేవాడికి డ్రైవింగ్ లైసెన్సు లేదని హెడ్డింగు పెడతారా సార్?"

"సైకిల్‌కి బస్సు బొమ్మ తగిలించుకు తిరిగితే పెడతాం."

ఇద్దరం నవ్వాం. నవ్వినందుకు బయటికి వచ్చాక నా మీద నాకే కోపం వచ్చింది.

ఆరింటిలో రెండే ఒప్పుకున్నారు: డాక్టర్‌నని చెప్పుకోవడం, మందులు. ఫీజు గురించి రాస్తామన్నారు, రాయలేదు. అక్టోబరు 9, సోమవారం వచ్చింది. సింగిల్ కాలమ్, ఏడు లైన్లు. పైన క్యూలైన్లు పరిశీలిస్తున్న అధికారుల ఫొటో, కింద టు-లెట్ ప్రకటనలు, మధ్యలో 'సవరణ'. ఆ రెండు అంశాలు సరికావని, పొరపాటుకు చింతిస్తున్నామని. వార్త వచ్చిన 53వ రోజు. ఈసారి మా ఆయన పది పేపర్లు తెచ్చాడు.

అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ క్లిప్పింగ్ నేనే పెట్టాను. రెండు బొటనవేళ్ళు వచ్చాయి. వెంటనే ఎవరో లిఫ్టు పనిచేయడం లేదని పెట్టారు, దాని మీద నలభై మెసేజ్‌లు నడిచాయి.

17వ తేదీ దాకా ప్రెస్ కౌన్సిల్ ఫైలు బల్ల మీదే ఉంది. అనువాదం పూర్తి చేశాను, డిక్లరేషన్ మీద సంతకం కూడా పెట్టాను. హెడ్డింగు మీద ఇంకా పోరాడవచ్చు. మావయ్య నీ ఇష్టం అన్నాడు. తమ్ముడు రోజూ ఫోన్. నేను పంపలేదు. అలసిపోయానన్నది ఒక కారణం. ఇంకోటి, అనుబంధాల్లో ఆ పోస్టర్ రంగు ప్రింటు పెట్టాలి, ఆ స్టెతస్కోపు నాతో ఢిల్లీ దాకా వస్తుంది. ఇందులో ఏది అసలు కారణమో ఇప్పటికీ తేల్చుకోలేదు. దావాకున్న ఏడాది గడువు కూడా ఆ మరుసటి ఆగస్టులో దాటిపోయింది. తమ్ముడు ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

ఆ మెసేజ్ నా ఫోన్లో అలాగే ఉంది. ఆ ఇంటి నుంచి మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడించలేదు.

ఇప్పుడు పోస్టర్‌లో బొమ్మ లేదు. "కౌన్సెలింగ్" అని పెద్దక్షరాలు, కింద నా చదువు, "మందులు రాయను" అని ఒక లైను. మా అక్క కొడుకు, "పిన్నీ, చూస్తే కరెంటు ఆఫీసు నోటీసులా ఉంది" అన్నాడు. ఉండనీ అన్నాను. కొత్తగా ఎవరు ఫోన్ చేసినా మొదటి సెషన్ కంటే ముందు రెండు క్లిప్పింగులూ వాట్సాప్‌లో పంపుతాను, పెద్దదీ చిన్నదీ. చదువుకుని, ఇష్టమైతేనే రమ్మంటాను. పోయిన వారం సత్తెనపల్లి నుంచి ఒకమ్మాయికి అలాగే పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. పావుగంట తర్వాత జవాబొచ్చింది.

"అంత చిన్న అక్షరాలు కనబడలేదు మేడం. బుధవారం ఎన్నింటికి?"